ఇంటి ముచ్చట్లు: అల్లుడి ట్రైలరు



కిందటి సంచికలో మా అమెరికా ప్రయాణం గురించి రాస్తూ, మా అల్లుడు ఇప్పుడు బండి నడుపుతున్నాడని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే రెండు ఉత్తరాలు వచ్చాయి. సేలం నుంచి ఒక పెద్దాయన, "అంత చదువు చదివిన పిల్లవాడికి కూతురినిచ్చి, చివరికి డ్రైవరు పనా?" అని నొచ్చుకున్నారు. బరంపురం నుంచి ఒక తల్లి, "మా అబ్బాయి కూడా అక్కడ అదే ఆలోచనలో ఉన్నాడు. పికప్పు బండి ఉంది, ట్రైలరు కొంటానంటున్నాడు. ఎలాంటిది కొనాలో మీ అల్లుణ్ణి అడిగి రాయండి" అని అడిగారు. పెద్దాయనకు చివర్లో జవాబు చెబుతాను. ఆ తల్లి అడిగినదే ఈ సంచిక ముచ్చట.

నా సంగతి పాత పాఠకులకు తెలిసిందే. హోసూరులో 1974 నుంచి 2008 దాకా లారీలు తిప్పినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బెంగుళూరు మండీలో కన్నడం, లారీ ఆఫీసులో మూడూ కలిపి మాట్లాడుతూ ముప్పై నాలుగేళ్ళు గడిపాను. అల్లుడు పరాయివాడు కాదు, మా అక్క కొడుకే. అంచేత వాడు నన్ను మామా అంటాడు, నేను వాణ్ణి నువ్వు అంటాను.

2023 జనవరిలో వాడి కంప్యూటరు ఉద్యోగం పోయింది. ఆ ఏడు అలా పోయినవాళ్ళు వాడొక్కడే కాదు. అప్పటికే గ్రీన్ కార్డు వచ్చి ఉంది కాబట్టి ఏ పనైనా చేసుకోవచ్చు. కంపెనీ వీసా మీద ఉన్న పిల్లలు ఈ వ్యాపారం పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఇది చదివి ఎవరూ తొందరపడకండి. మార్చిలో నేనూ మా ఇంటావిడా హ్యూస్టన్‌లో దిగేసరికి ఇంటి ముందు ఒక పెద్ద డీజిలు పికప్పు ఉంది. వెనక ఇరుసుకు నాలుగు చక్రాలు, ముందు రెండు, మొత్తం ఆరు. ఇల్లు కట్టే కంట్రాక్టరు ఒకాయన అమ్మేస్తుంటే మావాడు కొన్నాడు.

"ఇదేంట్రా?" అన్నాను.

"హాట్‌షాట్ చేద్దామనుకుంటున్నా మామా. ట్రైలరు ఒక్కటి కొంటే చాలు" అన్నాడు.

మా అమ్మాయి వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆ మౌనం నాకు అర్థమైంది.

హాట్‌షాట్ అంటే ఏమిటో ముందు చెబుతాను. మన దగ్గర పెద్ద లారీకి నిండా సరుకు లేనప్పుడు, అర్జంటుగా ఒక మోటారో పంపుసెట్టో పక్క ఊరికి పోవాలంటే చిన్న టెంపో మాట్లాడుకుంటాం కదా, అదే పని. కాకపోతే అక్కడ పికప్పు వెనక ముప్పై నలభై అడుగుల ట్రైలరు తగిలించి చేస్తారు. టెక్సాస్ చమురు బావుల దగ్గర యంత్రం ఆగిపోతే విడిభాగం వెంటనే చేరవేయడానికి ఈ పద్ధతి పుట్టిందని అక్కడివాళ్ళు చెబుతారు. ఇప్పుడు ట్రాక్టర్లు, జనరేటర్లు, ఇనుప దూలాలు, ఇటుకలు, కార్లు అన్నీ అలాగే పోతున్నాయి. మనకు నామక్కల్ ఎలాగో, టెక్సాస్ ఈశాన్య మూల ఉన్న మౌంట్ ప్లెజంట్, పారిస్ ఊళ్ళ చుట్టుపక్కల ట్రైలర్ల తయారీ అలా. నామక్కల్లో లారీ బాడీ కట్టించుకున్నవాళ్ళకు అక్కడి యార్డు చూస్తే పుట్టింటికి వచ్చినట్టుంటుంది.

ఒక శనివారం మమ్మల్నందరినీ యార్డుకు తీసుకెళ్ళాడు. అమ్మేవాడు మంచివాడే, మాటకారి. మొదట చూపించినది పికప్పు వెనక బంపరు కింద బంతికి తగిలించే రకం. తర్వాతిది వంగిన మెడతో పికప్పు తొట్టి లోపలికి వచ్చి, వెనక ఇరుసు మీద ఉన్న బంతిమీద కూర్చునే రకం. దీన్ని గూస్‌నెక్ అంటారు. మా మనవరాలు దానికి అక్కడికక్కడే "బాతు మెడ బండి" అని పేరు పెట్టేసింది. అప్పటినుంచి మా ఇంట్లో అదే పేరు.

ఈ రెంటికీ తేడా ఎద్దులబండి తోలినవాళ్ళకు చిటికెలో అర్థమవుతుంది. బండిలో బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడలు వాస్తాయి. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతు బిగుస్తుంది. ట్రైలరూ అంతే. వెనక బరువైతే తోక ఊపుతుంది. ఆ ఊపు మొదలైతే గంటకు నూరు కిలోమీటర్ల వేగంలో ఆపడం చాలా కష్టం. అంచేత కొంత బరువు ముందున్న పికప్పు మీద పడాలి. బంపరు రకానికి ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం, బాతు మెడకు 15 నుంచి 25 శాతం. బంపరు రకంలో ఆ బరువు పికప్పు తోక చివర వేలాడుతుంది, ముందు చక్రాలు తేలికైపోతాయి. బాతు మెడలో వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. రోజూ దూరప్రయాణం చేసేవాడికి బాతు మెడే తగినదని నాకు చూడగానే అనిపించింది. అక్కడ ఈ పనిలో ఉన్నవాళ్ళూ ఎక్కువమంది అదే వాడతారు.

అమ్మేవాడు చివరగా నలభై అడుగుల బండి దగ్గర ఆగాడు. రెండు ఇరుసులు, ఒక్కొక్కదానికి నాలుగు చక్రాలు, నల్లగా నిగనిగలాడుతోంది. మావాడి కళ్ళు మెరిశాయి. 1979లో నా మొదటి కొత్త లారీ చూసినప్పుడు నా కళ్ళూ అలాగే మెరిసి ఉంటాయి. "దీనిమీద ఏ లోడైనా వస్తుంది మామా. నలభై అడుగులుంటేనే బ్రోకర్లు పిలుస్తారు. అప్పు కూడా వీళ్ళే ఇప్పిస్తారట" అన్నాడు.

నేను బండి ముందువైపు పోయి, మెడ పక్కన కొట్టిన చిన్న రేకు పలక చదివాను. 25,900 పౌన్లు అని ఉంది. అది సరుకు బరువు కాదు. ట్రైలరు సొంత బరువూ సరుకూ కలిపి ఇంతకు మించరాదని తయారుచేసినవాడు కొట్టిన గీత. మన లెక్కలో సుమారు 11,750 కిలోలు.

"ఖాళీ బండి ఎంత తూగుతుంది?" అని అడిగాను. సుమారు 8,500 అన్నాడు. అంటే సరుకుకు మిగిలేది 17,400.

"సరే, ఇవాళ కొనొద్దు. ఇంటికి పోయి లెక్క చూద్దాం" అన్నాను. మావాడి ముఖం చిన్నబోయింది. మా అమ్మాయి మాత్రం కారు తలుపు తానే వచ్చి తీసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద కాగితం పరిచాం. మొదటి లెక్క లైసెన్సుది. అమెరికాలో పికప్పు పలక మీది బరువు, ట్రైలరు పలక మీది బరువు కూడితే 26,001 పౌన్లు లేక అంతకు మించి, ట్రైలరు ఒక్కటే 10,000 దాటి ఉంటే, 'ఎ' తరగతి వాణిజ్య లైసెన్సు ఉండాలి. మామూలు కారు లైసెన్సు పనికిరాదు. మావాడి పికప్పు తలుపు అంచున ఉన్నది 14,000. దానికి 25,900 కలిపితే 39,900. లైసెన్సు లేకుండా తోలాలంటే 12,000 పలక ఉన్న ట్రైలరు మాత్రమే తీసుకోవాలి. ముప్పై అడుగుల ట్రైలరు ఖాళీదే 6,000 దాకా తూగుతుంది. ఇక సరుకుకు మిగిలేది 6,000, అంటే మూడు టన్నులకు లోపే. ఇదివరకే బండి ఉన్నవాళ్ళ సంగతి వేరు. కొత్తగా కొనేవాళ్ళు లైసెన్సు తీసుకోదలచకపోతే, పికప్పే తక్కువ బరువు పలక ఉన్నది చూసుకుంటే ట్రైలరుకు ఎక్కువ మిగులుతుంది. 12,000 పికప్పుకు 14,000 ట్రైలరు సరిగ్గా సరిపోతుంది.

"లైసెన్సు లేకపోయినా పరవాలేదు, అంత ఎవరు చూస్తారని యార్డులో ఒకడన్నాడు" అన్నాడు మావాడు.

"ఎవరూ చూడనన్నాళ్ళూ పరవాలేదు నాయనా. ఏదైనా జరిగిన రోజున అందరూ చూస్తారు. ఇన్సూరెన్సువాడు మొట్టమొదట చూస్తాడు" అన్నాను.

రెండో లెక్క పికప్పుది. ఇది చాలామంది వెయ్యరు. తలుపు అంచునే ఇంకొక కాగితం అంటించి ఉంటుంది, మనుషులూ సరుకూ కలిపి ఈ బండి మీద ఇంతకు మించరాదు అని. మావాడిది 5,500. అందులో వాడి బరువు, గొలుసులు, పనిముట్లు, బంతి బిగించిన ఇనుము కలిపి 700 తీసేశాం. మిగిలింది 4,800. బాతు మెడ పికప్పు మీద మోపే బరువు ఇందులో ఇమడాలి. ట్రైలరును 25,900 దాకా నింపితే, నూటికి ఇరవై లెక్కన మెడ బరువే 5,180 అవుతుంది. ట్రైలరు తట్టుకుంటుంది, పికప్పు తట్టుకోదు. వెనక్కి లెక్కేస్తే ట్రైలరు మొత్తం 24,000 దాటకూడదు. ఖాళీ బరువు 8,500 పోతే సరుకు 15,500. మన లెక్కలో ఏడు టన్నులు. అమ్మేవాడు చెప్పిన 17,400 కాదు.

"అంటే పలక మీద ఉన్నదాంట్లో రెండు వేలు నాకు లేనట్టేనా మామా?"

"లేనట్టే. మూడు నాలుగు అంకెలుంటే అన్నిటికంటే చిన్నదే నీది. పెద్దది అమ్మేవాడిది."

అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది. "నాన్నా, తొప్పూరు సంగతి ఆయనకు ఎప్పుడైనా చెప్పావా?" అంది.

చెప్పలేదు. ఈ పత్రికలోనూ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

1991లో కృష్ణగిరి నుంచి గ్రానైటు బండలు వేసుకుని నా లారీ సేలం వైపు పోయింది. పది టన్నుల బండి. పదిహేను టన్నులు వేయించినవాణ్ణి నేనే. ఆ కాలంలో అందరూ వేస్తున్నారు, నేనూ వేశాను, కిరాయి ఎక్కువ వస్తుందని. తోలినవాడు మా చిన్నాన్న కొడుకు. ధర్మపురి దాటాక తొప్పూరు కనుమ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు విడిచాయి. వాడు తెలివిగా బండిని కొండవైపు గుద్దించి ఆపాడు. వాడికి దెబ్బలు తగిలి మానిపోయాయి. క్లీనరు కుర్రవాడికి పంతొమ్మిదేళ్ళు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టాను, తర్వాత నా ఆఫీసులో లెక్కలు రాసే పని ఇచ్చాను. అయితే ఏం? వాడి కాలు తిరిగి ఇవ్వలేకపోయాను. ఐదు టన్నుల అదనపు కిరాయి ఎంతో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాగితం తనవైపు లాక్కుని, 15,500 చుట్టూ సున్న చుట్టాడు.

ముందు లైసెన్సు, తర్వాతే ట్రైలరు అని తేల్చుకున్నాం. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా వాణిజ్య లైసెన్సు తీసుకునేవాళ్ళు గుర్తింపు ఉన్న చోట శిక్షణ పొందితేగాని పరీక్షకు పోలేరు. ఇక్కడొక కిటుకుంది. సొంత పికప్పు, బాతు మెడ ట్రైలరు మీదే పరీక్ష ఇస్తే లైసెన్సు వస్తుంది గాని, గాలి బ్రేకుల బండి, పెద్ద ట్రాక్టరు ట్రైలరు నడపకూడదని దానిమీద రాసేస్తారు. బడిలో పెద్ద లారీ మీద నేర్చుకుని పరీక్ష ఇస్తే ఆ అడ్డు ఉండదు. రేపు ఈ పని సాగకపోయినా పెద్ద లారీ ఉద్యోగం దొరుకుతుంది. మావాడు అలాగే చేశాడు. ఆ కొద్ది వారాలు ఇంట్లో డబ్బు రాక లేదు. మా అమ్మాయి బడిలో పార్టుటైము పనికి కుదిరింది. ఒక నెల ఇంటి వాయిదాకు నేను తెచ్చుకున్న డాలర్లు కూడా తీయవలసి వచ్చింది. అల్లుడి దగ్గర మామ డబ్బు ఖర్చు కావడం వాడికి ఎంత చిన్నతనంగా తోచిందో, ఆ నెల నాతో కళ్ళు కలిపి మాట్లాడలేదు.

లైసెన్సు చేతికొచ్చాక సెకండ్ హ్యాండు ట్రైలర్లు చూశాం. కొత్తదానికి అప్పు చేయవద్దని నా పట్టు. 2021లో కిరాయిలు ఆకాశానికి పోయాయి, 2022 తర్వాత పడిపోయాయి. ఆకాశంలో ఉన్నప్పుడు వాయిదాల మీద కొన్నవాళ్ళ బండ్లే మేము చూసిన యార్డుల్లో వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే జాలి వేసింది, బుద్ధీ వచ్చింది.

డెక్కు సంగతి మావాడు నాకంటే బాగా ఆలోచించాడు. నలభై అడుగులూ చదునుగా ఉన్నది ఇనుప గొట్టాలకు, పెట్టెలకు మంచిది. చివరి ఐదడుగులు కిందికి వాలి, నిచ్చెనల్లాంటి రాంపులు ఉన్నదయితే ట్రాక్టరు, కారు వాటంతట అవే ఎక్కుతాయి. పైకెత్తే క్రేను అక్కర్లేదు. చదును జాగా కొంచెం తగ్గుతుంది. వాడుండే చోట పొలం యంత్రాలు, కట్టుబడి యంత్రాల లోడ్లు ఎక్కువ కాబట్టి వాలు తోక ఉన్నదే ఎంచుకున్నాడు. ఎవరికైనా సూత్రం ఒకటే. మన ఇంటికి ఐదారు గంటల దూరంలో ఏ సరుకు కదులుతుందో వాకబు చేసి, దానికి తగ్గ డెక్కు కొనాలి.

మూడో చోట చూసిన ట్రైలరు బేరానికి వచ్చింది. పైకి రంగు వేసి కొత్తదానిలా ఉంది. నేను పడుకుని కిందికి దూరాను. మా ఇంటావిడ "ఈ వయసులో ఆ మట్టిలో ఏమిటండీ" అని అరుస్తూనే ఉంది. చూడవలసినవి కిందే ఉంటాయి. ఇరుసుల కొక్కేల దగ్గర వెల్డింగు చీలిందా, మెడ వంపు దగ్గర పగులు మీద రంగు పూశారా, చలిదేశంలో తిరిగి ఉప్పుకు తుప్పు పట్టిందా? ఇవి బాగానే ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2216 అని ఉంది. అంటే 2016లో ఇరవై రెండో వారంలో చేసిన టైరు. ఏడేళ్ళది. గుబ్బలు నిండుగా ఉన్నా లోపల ఎండిపోయి ఉంటుంది, ఎండలో పగులుతుంది. ఎనిమిదికి ఎనిమిదీ మార్చాలని లెక్కలో తగ్గించాం.

తర్వాత బ్రేకులు. ట్రైలరు పికప్పు నుంచి ఊడిపోతే, ఒక తాడు పిన్నును లాగేసి, ట్రైలరు మీదున్న చిన్న బ్యాటరీతో దాని బ్రేకులు వాటంతట అవే పట్టుకోవాలి. కనీసం పదిహేను నిమిషాలు పట్టి ఉండాలని అక్కడి నియమం. మావాణ్ణి పిన్ను లాగమన్నాను. లాగాడు. బండిని కొంచెం ముందుకు లాగితే చక్రాలు హాయిగా తిరిగాయి. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అమ్మేవాడు, "అది ఎవరూ చూడరు సార్" అని నవ్వాడు. మావాడు నావైపు చూశాడు. నేనేమీ అనలేదు. వాడే "కొత్త బ్యాటరీ వేసి, నా ముందు పిన్ను లాగి చూపిస్తేనే డబ్బు" అన్నాడు. ఆ మాట విన్నాక నా భయం సగం తగ్గింది. జులైలో ట్రైలరు ఇంటికొచ్చింది. మా ఇంటావిడ నిమ్మకాయలు పెట్టించి, గుమ్మడికాయ కొట్టించింది. పక్కింటి అమెరికా ఆవిడ వచ్చి కుంకుమ పెట్టించుకుని వెళ్ళింది.

మేము ఆగస్టులో తిరిగొచ్చేశాం. అక్టోబరులో ఒకనాడు తెల్లవారుజామున ఐదు గంటలకు ఫోను. అక్కడ సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ఫోనంటే గుండె ఆగినంత పనయింది.

"మామా, జనరేటరు లోడు. బ్రోకరు 14,000 పౌన్లన్నాడు. ఎక్కించగానే పికప్పు వెనక దిగినట్టు అనిపించింది. దారిలో కాటా వేయించా. పికప్పు, ట్రైలరు, నేను, అన్నీ కలిపి ఖాళీగా 17,700 ఉంటాం కదా. ఇప్పుడు 35,300 చూపిస్తోంది."

నేను మంచం మీదే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. సరుకు 17,600. బ్రోకరు చెప్పినదానికంటే 3,600 ఎక్కువ. మా గీత 15,500.

"బ్రోకరేమన్నాడు?"

"దగ్గరే కదా, రెండు వందల మైళ్ళు, పోనిచ్చెయ్, ఇంకో రెండొందల డాలర్లు వేస్తానంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"వెనక్కి తీసుకెళ్ళి దింపేస్తున్నానన్నా. ఆ బ్రోకరు మళ్ళీ పిలవడు. మీకు చెబుదామని చేశానంతే మామా."

నన్ను అడగడానికి చేసిన ఫోను కాదది. పక్కనే మా ఇంటావిడ "ఏమైందండీ" అని కంగారుపడుతోంది. "ఏమీ కాలేదు" అన్నాను. నిజంగానే ఏమీ కాలేదు. లారీ వ్యాపారంలో అంతకంటే మంచి వార్త లేదు.

ఇక డబ్బు సంగతి కూడా ఉన్నదున్నట్టు రాస్తాను, బరంపురం తల్లికి ఉపయోగపడుతుంది. కిరాయికి సరుకు మోసేవాడికి కనీసం ఏడున్నర లక్షల డాలర్ల ప్రమాద బీమా ఉండాలని చట్టం. బ్రోకర్లు చాలామంది పది లక్షలు, సరుకుకు వేరే లక్ష అడుగుతారు. కొత్తవాడికి ప్రీమియం గట్టిగా పడుతుంది. లోడుతో గాలన్‌కు పది మైళ్ళు వస్తే గొప్ప. అంటే లీటరుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర. మన టాటా లారీ ఇచ్చినంతే. లోడు దింపాక తిరుగు లోడు దొరక్కపోతే ఆ డీజిలూ మన చేతిదే. పద్నాలుగు టైర్లు అరుగుతూనే ఉంటాయి. రోజుకు పదకొండు గంటలకు మించి నడపకూడదు, పది గంటలు విశ్రాంతి ఉండాలి. దొంగలెక్క రాయడానికి లేకుండా బండిలో యంత్రం కనిపెడుతూ ఉంటుంది. మొదటి ఏడాది అన్నీ పోను మావాడికి మిగిలింది పాత జీతంలో సగం కూడా లేదు. రెండో ఏడాది నయం. ట్రైలరు మీద వాయిదా లేదు కాబట్టి లోడు లేని వారాల్లో నిద్ర పట్టింది. టెక్సాస్, ఓక్లహోమా, లూసియానా దాటి పోకుండా వారాంతానికి ఇల్లు చేరుతున్నాడు.

ఇంకొక్క మాట. మేము బయల్దేరే ముందు రోజు మా అమ్మాయి ఒక అట్ట తెచ్చి, "నాన్నా, బయల్దేరేముందు చూడవలసినవి నీ చేతిరాతతో తెలుగులో రాయి" అంది. రాశాను. బంతి మీద మెడ కూర్చుందా, తాళం పడిందా. రెండు గొలుసులు తగిలించావా. పిన్ను తాడు బండికి కట్టావా. లైట్లు వెలుగుతున్నాయా. ప్రతి టైరూ చేత్తో తట్టి చూశావా. కట్టిన గొలుసుల బలం కూడితే సరుకు బరువులో సగానికి తగ్గకుండా ఉందా. పది వేల పౌన్లు దాటిన చక్రాల యంత్రమైతే నాలుగు మూలలా నాలుగు కట్లు ఉన్నాయా. కాటా వేశావా. ఆ అట్ట ఫ్రిజ్జు తలుపు మీద ఉంది. పొద్దున్నే వాడు బండి చుట్టూ తిరుగుతుంటే, మా మనవరాలు ఫోనులో ఒక్కొక్కటీ చదువుతుంది, వాడు ఊఁ కొడతాడు. ఆదివారం తెలుగు బడికి పోనని మారాం చేసిన పిల్ల, ఈ అట్ట చదవడానికి ఒత్తులు, గుణింతాలు అన్నీ నేర్చేసుకుంది.

సేలం పెద్దాయనకు ఇక నా జవాబు. అయ్యా, మా నాయన బండి తోలాడు, నేను తోలించాను, మధ్యలో ఒక తరం కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ పోయినప్పుడు మా అల్లుడు ఇంట్లో ముడుచుకు కూర్చోలేదు. నేర్చుకున్నాడు, లెక్క వేసుకున్నాడు, మోయగలిగినంతే మోస్తున్నాడు. నా కూతురిని డ్రైవరుకు ఇచ్చానని నాకు బాధ లేదు. 1991లో నేను వెయ్యవలసిన లెక్క 2023లో వాడు వేశాడు.

బరంపురం తల్లికి: అమ్మా, మీ అబ్బాయిని ట్రైలరు చూడ్డానికి పోయేముందు పికప్పు తలుపు తీసి, అంచున ఉన్న రెండు కాగితాలూ చదవమనండి. లైసెన్సు చూసుకోమనండి. ఆ తర్వాత కూడా సందేహముంటే సంఘం చిరునామాకు రాయండి, మావాడి చేత జవాబు రాయిస్తాను.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు.